పన్నెండో చీర

బట్టల మూట మోయడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. కుడి భుజం నొప్పి పుడితే ఎడమ భుజానికి మార్చుకోవడం, మెడ పట్టేస్తే ఎక్కడో ఒకచోట దించి చాయ్ తాగడం, మళ్లీ ఎత్తుకోవడం. అట్లా పోతూ ఉంటే ఎంత దూరమైనా పోవచ్చు. కానీ దించడానికి చోటు దొరకని మూట ఒకటి నలభై ఏళ్లకు పైగా నా మీదే ఉంది. చూడబోతే పెద్ద మూటేమీ కాదు. పన్నెండు చీరలు. నల్లవి. ఒళ్లంతా చమ్కీలు కుట్టినవి.

ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. తెలిసిన మనిషైతే ఈపాటికి బేరం మొదలుపెట్టి ఉండేవాణ్ని. తెలియని మనిషితోనూ పెడతాను, అది వేరే సంగతి. కాబట్టి ముందే చెప్తున్నాను: నేను మొదట చెప్పే మాటను నమ్మకండి. మా దుకాణంలో మొదట చెప్పిన ధరకే కొనుక్కుపోయేవాణ్ని చూసి మేమే జాలిపడేవాళ్లం. సరుకు అమ్మేటప్పుడు ఎక్కువ చెప్పి తగ్గుతాం. తప్పు ఒప్పుకునేటప్పుడు నేను తక్కువ చెప్పి, మీరు గట్టిగా కూర్చుంటే పెంచుతాను. అలవాటు. ఏం చేయను?

సరే, మొదటి మాట. ఒకసారి మా బాపుతో చిన్న అబద్ధం ఆడాను. అంతే.

లేస్తున్నారా? కూర్చోండి, కూర్చోండి. పెంచుతాను.

వరంగల్ చౌరస్తాకు దగ్గరలో మాది బట్టల దుకాణం. పెళ్లి బట్టలకు పేరున్నది. గుమ్మం పైన బాపు రాయించిన బోర్డు ఉండేది: ‘ఒకే మాట’. పొద్దున తలుపు తీసింది మొదలు మూసేదాకా దాని కిందే అందరూ బేరమాడేవాళ్లు. నేను అక్షరాలు నేర్చుకున్నది ఆ బోర్డు చూసే. అర్థం మాత్రం ఇంకెక్కడైనా నేర్చుకోవాల్సింది. చిన్నప్పుడు జ్వరమొస్తే మాత్ర మింగడానికి రెండు బెల్లం ముక్కలు అడిగేవాణ్నట. అమ్మ ఒకటి అనేదట. ఒకటిన్నర దగ్గర తెగేదట.

దుకాణం లోపల గోడ నుంచి గోడ దాకా పరుపు, దాని మీద తెల్ల దుప్పటి. దాన్ని గద్దె అంటాం. ఆ పక్క గిరాకీ, ఈ పక్క మేము. పెళ్లి గిరాకీ వచ్చినప్పుడు గద్దె మీద కూర్చునే హక్కు ఇంటివాళ్లకు కాక ఒకే ఒక్క మనిషికి ఉండేది. సత్తెన్న.

సత్తయ్య అసలు పేరు. నేత పనివాళ్ల ఇంట పుట్టినవాడు. అప్పటికి యాభై దగ్గర పడ్డాడు. పొడుగ్గా, సన్నగా, బొంగుకు ధోవతి చుట్టినట్టు ఉండేవాడు. ముఖంలో సగం మీసమే.

ఇప్పటి దుకాణాల్లో ప్లాస్టిక్ బొమ్మకు చీర కట్టి నిలబెడుతున్నారు కదా. మా రోజుల్లో ఆ బొమ్మలం మేమే. కట్టుకుంటే చీర ఎట్లా ఉంటుందో ఆడవాళ్లకు చూపించాలంటే, అమ్మేవాడే తన ధోవతీ బనీనుల మీద దాన్ని చుట్టుకుని నిలబడాలి. అందులో సత్తెన్నకు సాటి వచ్చినవాణ్ని నేను చూడలేదు. కుచ్చిళ్లు ఆయన వేళ్ల మధ్య ఒక్క ఊపులో పడేవి, పేకముక్కలు కలిపినట్టు. కొంగు భుజం మీద వేసుకుని, గోడ గడియారం వైపు చూస్తూ నిలబడేవాడు. కదిలేవాడు కాదు. ఒక నిమిషంలో మీసం మాయమయ్యేది. అంటే, మీసం అక్కడే ఉండేది, కనపడేది కాదు. నర్సంపేట పక్క ఊళ్ల నుంచి వచ్చిన తల్లులు ఆ మీసం ఉన్న చోట తమ బిడ్డ ముఖం చూసుకుని కళ్లు తుడుచుకునేవాళ్లు.

‘కట్టినోడు కనవడొద్దు చిన్నసేటూ, చీర కనవడాలె’ అనేవాడు నాతో.

పెళ్లి కార్డు మా బాపు కంటే ముందు సత్తెన్న చేతిలో పెట్టి పోయినవాళ్లున్నారు. బాపు పట్టించుకోనట్టు నటించేవాడు. ఇంటికొచ్చి అమ్మకు రెండుసార్లు చెప్పేవాడు.

ఇది మొదటి మనిషి సంగతి. రెండో మనిషి ఒక ఆడమనిషి. ఆమెకు పేరు లేదు. అంటే, ఒక్కో సినిమాలో ఒక్కో పేరు, ఏదీ గుర్తుండేది కాదు. హిందీ సినిమాలో క్లబ్బులో పాట పాడే ఆమె.

వారానికి ఒక రోజు దుకాణానికి సెలవు. ఆ రోజు పొద్దటి ఆటకు మా ఊళ్లో పాత హిందీ సినిమాలు వేసేవాళ్లు. నేను నైట్‌క్లబ్బును చూసింది ఎప్పుడూ పొద్దున పదకొండింటికే, ఉప్మా తిని. హాలు తలుపు తెర కొంచెం తొలగితే ఎండ వచ్చి నేరుగా క్లబ్బు మెట్ల మీద పడేది. క్లబ్బు అంటే ఏమిటో నాకేం తెలుసు? మాకు తెలిసిన క్లబ్బు సుబేదారిలో ఆఫీసర్లు టెన్నిస్ ఆడి నిమ్మకాయ సోడా తాగే చోటు.

తెర మీది క్లబ్బు వేరు. పొగ. గుండ్రటి మెట్లు. మూలన బాకాలు ఊదేవాళ్లు. ముందు ఆమె కనపడదు, స్తంభం వెనక నుంచి చేయి ఒక్కటే కనపడుతుంది, మోచేతి దాకా నల్ల తొడుగుతో. తర్వాత భుజం. ముఖం పూర్తిగా తిప్పకముందే పాట మొదలవుతుంది. హీరోయిన్ గొంతు కడిగి బోర్లించిన గ్లాసులా ఉంటే, ఈమె గొంతు ఆ గ్లాసులో ఎవరో ఏదో పోసినట్టు ఉంటుంది. బల్లల మధ్య తిరుగుతుంది. ఒకడి టోపీ తీసి ఇంకొకడి నెత్తిన పెడుతుంది. గ్లాసులెత్తిన చేతులు నోటి దాకా పోకుండానే ఆగిపోతాయి. చివరికి హీరో బల్ల దగ్గర నిలబడుతుంది. పాడేవి వలపు మాటలే, కానీ వాటి నడుమ అతనికి ఒక కబురు పెడుతుంది: ఆ మూల తుపాకీ ఉంది, వెళ్లిపో అని. ఆఖరి రీలులో ఆ తుపాకీ పేలుతుంది. ఆమె అడ్డం వస్తుంది. హీరో ఆమె తలను కాసేపు ఒళ్లో పెట్టుకుని, తర్వాత హీరోయిన్‌తో వెళ్లిపోతాడు. ప్రతి సినిమాలో అంతే. ప్రతిసారీ పల్లీలు నా గొంతుకు అడ్డం పడేవి.

ఎందుకిట్లా జరుగుతుందని వ్యాపారి బుర్రతోనే ఆలోచించాను. హీరోయిన్ బీరువాలో దాచిపెట్టే పట్టుచీర. ఈమె దుకాణం ముందు కొక్కేనికి తగిలించే చీర. దారిన పోయే ప్రతివాడూ దాన్ని చూసే ఆగుతాడు. దాన్నే ముట్టుకుంటాడు. దాని ధరే అడుగుతాడు. లోపలికి వచ్చి ఇంకో చీర కొంటాడు. అంత తెలిసినవాణ్ని నేను. తెలిసీ పడ్డాను.

ఆ ఏడు పెళ్లిళ్ల సీజనుకు ముందు బాపుకు మోకాలు పట్టేసింది. సరుకు తేవడానికి సత్తెన్ననూ నన్నూ హైదరాబాదు పంపాడు. పని పంచి మరీ పంపాడు: ఏరేది సత్తెన్న, బేరమాడేది నేను. నాకు ఇరవై రెండేళ్లు. అదే మొదటి కొనుగోలు.

మధ్యాహ్నానికి పని అయిపోయింది. సత్తెన్న అన్నం తినడానికి పోయాడు. మూట కట్టించడానికి నేను ఆగాను. హోల్‌సేల్ సేటు నా ముఖంలో ఏం చూశాడో, వెనక బీరువా తెరిచి ఒక నల్ల చీరను గాలిలోకి విసిరి పరిచాడు. పైన ట్యూబులైటు. చమ్కీలన్నీ ఒక్కసారి వెలిగాయి. ఒట్టు, నాకు బాకా వినిపించింది.

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. సరుకు నచ్చితే ముఖం తిప్పుకోవాలి. వీలైతే ఆవలించాలి. ‘ఎంత?’ అని అడగాలి, అదీ పక్కనున్న వేరే చీరను చూపించి. ‘ఎన్ని ఉన్నాయి?’ అని ముందు అడిగినవాడి పని అయిపోయినట్టే. బెల్లం ముక్క దగ్గర కూడా అమ్మకు లొంగనివాణ్ని, నోరు తెరిచి అడిగాను: ‘ఎన్నున్నయి?’

ఆ సేటు చిరునవ్వు ఇప్పటికీ కలలోకి వస్తుంది. పన్నెండూ కట్టించాడు. మెరుపు సరుకు వాపసు తీసుకోనని కూడా అప్పుడే చెప్పాడు. తల ఊపాను. ఆయన ఇంకేం చెప్పినా ఊపేవాణ్ని.

పెళ్లి బట్టల దుకాణానికి నల్ల చీరలు! బోణి కాకముందు గద్దె మీద నల్ల గుడ్డ పెడితే నీళ్లు చల్లించే మనిషి మా బాపు. ఆ సంగతి మూట కట్టేటప్పుడు గుర్తొచ్చింది. అందుకే వాటిని అన్నింటికంటే అడుగున పెట్టించాను. ఊరికి పోయాక మెల్లగా బయటపెట్టొచ్చు అనుకున్నాను. సత్తెన్న తిరిగొచ్చేసరికి మూట కుట్టేశారు.

లారీ ఆఫీసువాళ్లు మూటను తలకిందులుగా దించుతారని నాకేం తెలుసు?

శుక్రవారం పొద్దున కొత్త సరుకుకు పసుపు, కుంకుమ, ఊదుబత్తి. కుట్టు విప్పాక బాపు కళ్లు మూసుకుని మొదటి చీరను తన చేత్తో పైకి తీయడం మా ఇంటి ఆనవాయితీ. పసుపో, ఎరుపో రావాలి. బాపు మోకాలు పట్టుకుని వంగాడు. కళ్లు మూసుకున్నాడు. తీశాడు. ఊదుబత్తి పొగలోంచి నల్ల చీర మెరుస్తూ మెల్లగా పైకి లేచింది. అచ్చం ఆమె వచ్చినట్టే వచ్చింది. పాట ఒక్కటే తక్కువ.

బాపు కళ్లు తెరిచాడు. చూశాడు. ‘ఎవడు తెచ్చిండు దీన్ని?’

నేను అబద్ధం కూడా నిండుగా ఆడలేదు. ప్రశ్న చేసి వదిలాను. ‘ఏరింది సత్తెన్న గదా?’

సత్తెన్న నా వైపు చూశాడు. కుచ్చిళ్లు పోసేంత సేపు చూశాడు. తర్వాత బాపు వైపు తిరిగి, ‘పట్నంల మస్తు నడుస్తానయ్ అన్నరు సేటూ. నేనే మోసపోయిన’ అన్నాడు.

‘గవి పన్నెండు అమ్ముడువొయ్యేదాంక నువ్వు గద్దె ఎక్కకు సత్తిగా. ఎనక కూసో.’

మా బాపు ప్రపంచంలో దేనికైనా బేరమాడతాడు. తాను వేసిన శిక్షకు మాత్రం ఆడడు. బోర్డు మీది మాట ఆయన నిలబెట్టుకున్నది అక్కడొక్కచోటే.

వెనక అంటే దుకాణం వెనక గది. లంగా బట్ట, లైనింగు, చీర అంచుకు వేసే ఫాల్ ముక్కలు కత్తిరించే చోటు. పాత నిల్వ ఉండే అటక కూడా అక్కడే. జరీ చీరల్ని, కుట్టుపని చీరల్ని ఏడాదికోసారి దించి మడత మార్చాలి, లేకపోతే మడత దగ్గరే చిట్లిపోతాయి. ఆ పని వెనక కూర్చున్నవాడిది. సత్తెన్న కత్తెర పట్టుకుని పోయాడు.

ఇదీ నా ధర. భయపడి, నా తప్పును ఇంకొకరి నెత్తిన పెట్టాను. కుర్ర వయసు. చేసింది ఒక్క మాట. ఇంతటితో తెంచుకుందామా?

మీరు కదలడం లేదు. గట్టి గిరాకీ మీరు.

నిజంగానే సత్తెన్నను మళ్లీ గద్దె ఎక్కించాలనుకున్నాను. ఆ మాట మాత్రం నమ్మండి. దానికి పన్నెండు చీరలూ అమ్మాలి. ఆయన ఖాళీ చేసిన చోట్లో కూర్చుని, ఒక నల్ల చీర తీసి నా ప్యాంటు మీద చుట్టుకుని లేచి నిలబడ్డాను. ఎవరూ చూడలేదు. ఎదురుగా కేసముద్రం మార్కెట్లో పత్తి అమ్ముకుని వచ్చిన రైతు కుటుంబం, పసుపు చీర కోసం నా భుజం మీదుగా వెనక అరల వైపు చూస్తోంది. అప్పుడు ఎందుకో నా మోచేయి లేచింది. భుజం ముందుకు వచ్చింది. ముఖం సగం తిప్పి, రెప్పల కింది నుంచి చూశాను.

వాళ్లలో ఒక ముసలమ్మ తమలపాకు నోటి దాకా తెచ్చి ఆగిపోయింది. క్లబ్బులో గ్లాసు ఆగినట్టే.

‘ఓ పిలగా, ఏమైంది నీకు? గాలి సోకిందా?’ అంది. కాసేపాగి, ‘ఏదీ, ఇంకోపాలి జెయ్యి’ అంది.

చేశాను. ఆ తర్వాత నన్ను ఆపడం ఎవరి వల్లా కాలేదు. మెట్లు లేని లోటు బట్టల తానులు ఒకదాని మీద ఒకటి పేర్చి తీర్చుకున్నాను. స్తంభం ఎట్లాగూ ఉంది. గిరాకీలో ఎవరి టోపీనో తీసి ఇంకెవరి నెత్తినో పెట్టడానికి కూడా ప్రయత్నించాను. అక్కడ టోపీలుండవు, తలపాగా విప్పితే తిరిగి చుట్టడానికి అరగంట పట్టింది, మానేశాను. బాపు మొదటి రోజు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. దుకాణం నిండుతున్న కొద్దీ పేపరు రోజుకొక అంగుళం దిగింది. ‘నల్లచీర సేటు ఉన్నడా?’ అని అడుగుతూ జనం వచ్చేవాళ్లు.

కొక్కేనికి తగిలించిన చీర సంగతే జరిగింది. నన్ను చూడ్డానికి వచ్చి పసుపు చీర కొనుక్కుని పోయేవాళ్లు. అయినా అప్పుడొకటి, అప్పుడొకటి నల్లవీ కదిలాయి. దవాఖానలో ఏడాదంతా తెల్ల బట్టలే కట్టి విసిగిన నర్సులు ఇద్దరు చెరొకటి తీసుకున్నారు. రాక్షసి వేషానికని నాటకాల కంపెనీవాళ్లు మూడు పట్టుకుపోయారు. సుబేదారి నుంచి ఒక ఆఫీసరు భార్య ఒకటి కొంది. అది చూసి ఆమె పక్కింటామె వచ్చి, ఆమె కంటే తక్కువకు ఇస్తేనే అని కూర్చుని, ఇంకొకటి కొంది. అట్లా ఇంకో నాలుగు కలిపి, రెండు సీజన్లు తిరిగేసరికి పదకొండు పోయాయి.

ఒక్కటి మిగిలింది. అది పోతే సత్తెన్న గద్దె ఎక్కుతాడు. చీర కట్టి చూపే ఆ చోటు వదిలి నేను దిగుతాను.

ఇక్కడ ఆగాలని ఉంది. ఇక్కడి దాకా నేను నవ్వించే మనిషిని. ఇక్కడి నుంచి కాదు. కానీ సగం మూట దించి సగం నెత్తిన పెట్టుకుని నిలబడితే మెడ విరుగుతుంది, అది నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం లైనింగు ముక్క కోసం వెనక గదిలోకి పోయాను. సత్తెన్న కత్తెర ఆపకుండానే మాట కలిపాడు.

‘చిన్నసేటూ, నిన్న సినిమాకు పొయ్యొచ్చిన.’

‘నువ్వా? ఏ సినిమా?’

‘నువ్వు పొయ్యేదే, పొద్దటి ఆట. నా గద్దె మీద కూసున్నది ఎవలో జర చూద్దామని.’

నవ్వాను. నవ్వక ఏం చేయను? ‘ఎట్లున్నది మరి?’

‘మంచిగనే ఉన్నది. గని నువ్వు ఆమె లెక్క చేస్తలేవు. నువ్వు అందర్ని చూసుకుంట తిరుగుతానవ్. ఆమె తిరుగుడు ఉత్తదే. ఒక్కణ్నే చూస్తది. గందుకే ఆడున్న ప్రతోడు నన్నే చూస్తాందని మురుస్తడు.’ కత్తెర పక్కన పెట్టి లేచాడు. ‘ఇటు రా. కొంగు పట్టు. గట్ల కాదు, దొంగను పట్టినట్టు పడతానవేంది? రెండు వేళ్ల నడుమ పట్టు. జారిపోతదేమో అన్నట్టుండాలె, జారొద్దు. ఆఁ. గిట్ల పడితే మిగిలిన ఆ ఒక్కటి సుత పోతది.’

నా వేళ్లను ఆయనే సర్దాడు. లైనింగు కత్తిరించి కత్తిరించి ఆయన బొటనవేలి మీద కాయ కాసింది. మళ్లీ కూర్చున్నాడు.

‘గని ఒక్కటి సమజ్ కాలే చిన్నసేటూ.’

‘ఏంది?’

‘గుండు వానికి తగలాలె. ఆమె తిన్నది. వాడేమో ఆమెను ఆడనే పండవెట్టి పెండ్లి చేసుకోను పాయె. పోంగ పోంగ ఒక్కపాలన్న ఎనకకు మర్రి చూడడా?’

‘సినిమా సత్తెన్నా. గట్లనే తీస్తరు.’

‘అంతేనా?’

‘అంతే.’

‘సరే తీయ్’ అన్నాడు. కత్తెర మళ్లీ కదిలింది.

ఆయన అడిగింది సినిమా సంగతి కాదని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకు తెలుసు. హోల్‌సేల్ దుకాణంలో సేటు తన ధర చెప్పి, మన మాట కోసం ఒక్క క్షణం ఆగుతాడు చూశారా, ‘అంతేనా’ అన్న తర్వాత ఆయన అట్లా ఆగాడు. నా వైపు నుంచి ఒక్క మాట చాలు. నేనేం చేశాను? కొంగు ఎట్లా పట్టాలో నేర్చుకుని, లైనింగు ముక్క తీసుకుని బయటికి వచ్చాను. రెండేళ్లుగా నల్ల చీర చుట్టుకుని నేనే ఆమెననుకుంటున్నాను. ఆమె వెనక గదిలో మీసంతో కూర్చుని లంగా బట్ట కత్తిరిస్తోంది. నేను పెళ్లి చేసుకోవడానికి వెళ్లిపోయినవాణ్ని.

ఇంతేనా అంటారా? ఇంకా ఉంది. ఇదే ఆఖరిది.

వారం తిరక్కముందే, హనుమకొండ కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి ఒకామె ఒంటరిగా దుకాణానికి వచ్చింది. కళ్లద్దాలు, చంకలో పుస్తకాలు. నేను ఆ మిగిలిన చీర చుట్టుకుని, సత్తెన్న సర్దిన వేళ్లతో కొంగు పట్టాను. ఒకే వైపు చూశాను. తిరగలేదు. ఆమె నన్ను చూడలేదు. చీరనే చూసింది, అది ఎప్పటి నుంచో తనదే అన్నట్టు. ‘ఇది ఇవ్వండి’ అంది. ధర చెప్పాను. నోటికొచ్చినంత పెద్ద ధర. ‘సరే’ అంది.

బేరం లేదు. నా జన్మలో అట్లాంటి గిరాకీని చూడలేదు. ఆ నల్ల రంగు, ఆ కళ్లద్దాలు, ఆ ఒక్క మాట. ఇన్నాళ్లూ పొద్దటి ఆటలో నేను వెతికిన మనిషి వచ్చి నా ముందు కూర్చుంటే, నాకు గుర్తొచ్చింది ఏమిటి? ఈ చీర పోతే రేపు పొద్దున నేను ఈ పరుపు దిగాలి. ఇక ‘నల్లచీర సేటు ఉన్నడా’ అని ఎవరూ అడగరు. తమలపాకులు నోటి దాకా వచ్చి ఆగవు.

‘అది అమ్ముడువోయింది మేడం’ అన్నాను. ‘ఉత్తగ చూపెట్టిన. కొన్నోళ్లు రేపొచ్చి తీస్కపోతరు.’

మా వంశంలో చేతికొచ్చిన గిరాకీని వాపసు పంపినవాడు లేడు. నేను పంపాను, అదీ నేనడిగిన ధరే ఇస్తానన్న మనిషిని. బాపు ఏదో పని మీద బజారుకు పోయాడు కాబట్టి బతికాను. ఆయన వచ్చాక ఆ చీర చమ్కీలు రాలిపోయాయని, ఇక ఎవరూ కొనరని చెప్పాను. ‘అటక మీద పడెయ్యి’ అన్నాడు. పడేశాను. పాత జరీ నిల్వ వెనక, ఎవరి చేయీ పోదనుకున్న మూలన. పన్నెండోది అమ్ముడుపోలేదు. బాపు మాట మారలేదు. సత్తెన్న వెనక గదిలోనే ఉండిపోయాడు.

అదీ తప్పు. మొదటి మాట భయంతో అన్నాను. దీన్ని తీరిగ్గా, నిలబడి, చీర కట్టుకుని చేశాను.

పదేళ్లు గడిచాయి. ఆయనకు రావలసిన పెళ్లి కార్డులు నాకు రావడం మొదలైంది. నేను నిజంగానే ఆ పెళ్లిళ్లకు పోయి భోజనం చేసి వచ్చేవాణ్ని. ఎనభైల నడుమ సత్తెన్న చిన్న బిడ్డ పెళ్లి కుదిరింది. బట్టలకు మా దుకాణానికే వచ్చారు. ముప్ఫై ఏళ్లు ఈ పక్క పనిచేసిన మనిషి మొదటిసారి ఆ పక్క, గిరాకీ వైపు కూర్చున్నాడు. నేను ఒక ఎర్రంచు పసుపు చీర కట్టుకుని నిలబడ్డాను. అలవాటు కొద్దీ భుజం లేచింది.

‘జర నిలవడు చిన్నసేటూ’ అన్నాడు మెల్లగా. ‘చీర కనవడనియ్యి.’

నిలబడ్డాను. గడియారం వైపు చూస్తూ, మొదటిసారి కదలకుండా. ఆయన భార్య కళ్లు తుడుచుకుంది. అప్పుడు బాపు, వయసు మీద పడి మెత్తబడ్డాడు, ‘సత్తిగా, నువ్వు ఆ నల్లచీరలు తేకపోతే ఏమవును? ఈ గద్దె మీద నీ అసొంటోడు మళ్ల కూసోలే’ అన్నాడు.

సత్తెన్న బాపును కాదు, నన్ను చూశాడు. మళ్లీ అట్లాగే ఆగాడు.

నేను కుచ్చిళ్లు విప్పడం మొదలుపెట్టాను. ‘ఇంకోటి చూపెట్టాల్నా?’ అన్నాను.

ఆ మాట నా చెవిలో ఇప్పటికీ ఉంది. గిరాకీ మౌనంగా ఉంటే మా నోట తనంతట తానే వచ్చే మాట అది. మనిషి ప్రాణం పోతున్నా అదే వస్తుందేమో.

ఆ తర్వాత ఏడాదికి సత్తెన్న పని మానుకున్నాడు. ఇంకొన్నేళ్లకు పోయాడు. బాపు కూడా పోయాడు, ఏమీ తెలియకుండానే. దుకాణం బాగు చేయించి, బొమ్మలు తెప్పించాను. మీసాలు లేని బొమ్మలు. అటక ఖాళీ చేయిస్తున్నప్పుడు పాత జరీ వెనక చేయి పెట్టాను. నల్ల చీర దొరికింది. తెలుసు కదా, నేనే పెట్టాను.

తెలియనిది వేరే ఉంది. అన్నేళ్లు ఒకే మడతలో పడి ఉన్న చమ్కీ చీరకు మడత పొడుగునా దారం తెగి, చమ్కీలు వరుసగా రాలిపోవాలి. ఒక్కటీ రాలలేదు. లోపల ఎండిన వేపాకు ఉంది. విప్పి చూస్తే పాత మడతల గీతలు సన్నగా, పక్కపక్కనే, ఒకదాని తర్వాత ఒకటి. ఏడాదికొక గీత. పైన కొంగు రెండు వేళ్ల వెడల్పున తిరగేసి ఉంది. మా దుకాణంలో కొంగును అట్లా మడిచే మనిషి ఒక్కడే.

మొదటి ఏడే చూశాడన్నమాట. ప్రతి ఏడూ చూశాడు. ఏ రోజైనా దాన్ని దించి బాపు ముందు పరిస్తే చాలు, చమ్కీలు నిండుగా ఉన్న చీర, అబద్ధం అక్కడే తేలిపోయేది. పరచలేదు. మడత మార్చి, వేపాకు వేసి, మళ్లీ అక్కడే పెట్టాడు.

అంటే క్షమించాడన్నట్టేనా? ఆ బేరం నాతో నేనే చాలాసార్లు ఆడాను. తెగలేదు. ఆయన మడత మార్చింది నా కోసమని ఎందుకనుకోవాలి? సరుకు పాడు కాకూడదు కాబట్టి మార్చాడు. ఆయన పని అది, చేశాడు. ఎందుకు చెప్పలేదో అడగడానికి ఇప్పుడు మనిషి లేడు. ఉన్నప్పుడు నేను అడిగింది ఇంకోటి చూపెట్టాల్నా అని.

చీర నా దగ్గరే ఉంది. ఏడాదికోసారి మడత మారుస్తాను. నా చేతికి ఆ రెండు వేళ్ల మడత రాదు.

మీరు చాలాసేపు కూర్చున్నారు. ఇక పెంచేదేమీ లేదు, తగ్గించేదీ లేదు. నోటితో ఎప్పుడూ, ఎవరి ముందూ అనని మాట ఒకటి రాసి లేస్తాను.

ఆ పన్నెండు చీరలు తెచ్చింది సత్తెన్న కాదు, నేను. పన్నెండోదాన్ని దాచింది నేను.

ఒకే మాట.